పనిముట్ల పేజీ: ట్రైలరు చక్రం రొద పెడితే

గంగావతి వైపు క్యాంపులలో సేద్యం చేసుకుంటున్న పాఠకులొకరు ఉత్తరం వ్రాశారు. పోయిన దసరాకు ముందు వారు తమ ట్రాక్టరు ట్రైలరుకు ఎడమ చక్రం బేరింగులు మార్పించారట. వేసవి పంట ఇల్లు చేరకముందే ఆ చక్రమే మళ్ళీ రొద మొదలుపెట్టినదట. అంగడిలో నకిలీ సరుకు అంటగట్టారా, మేస్త్రీ పని చెడగొట్టాడా, రెండవసారి డబ్బు పోయకముందే చెప్పండి అని వారి ప్రశ్న. చివర ఒక్క వాక్యం చేర్చారు: బస్తాల మీద కూలీలు కూర్చుని వస్తూ ఉంటారు, అందుకని భయంగా ఉన్నదని. ఆ చివరి వాక్యం కోసమే ఈ నెల పేజీ అంతా ఈ ఒక్క విషయానికి ఇస్తున్నాను.

సమాధానం ముందే చెప్పేస్తాను. సరుకు నకిలీది కావచ్చు, పని చెడిపోయి ఉండవచ్చు. కాని ఏడాది తిరగకుండానే కొత్త బేరింగు పోయినదంటే తరచుగా తేలే సంగతి ఇది: బేరింగు మారినది గాని, పాత బేరింగును చంపిన కారణం మారలేదు. ఆ కారణం కనిపెట్టకుండా ఎన్ని బేరింగులు మార్చినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తి అయి, ఎడమ కాలువ క్రింద నీరు పారిన తరువాత కోస్తా జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతాలకు తరలివచ్చినవి. ఆ పెద్దలకు ఎడ్లబండి తెలుసు. ఇరుసు, కడసీల, కందెన అన్న మాటలు ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఆముదంలో మసి కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి క్రింద వేలాడదీసేవారు. కరణాలతో మెలగవలసిన తీరు చెప్పడానికి సుమతీ శతకకారుడు ఈ కందెననే ఉపమానంగా తెచ్చుకున్నాడంటే, అది ఎంత తెలిసిన వస్తువో ఊహించవచ్చు. కందెన ఆరిపోతే బండి కీచుమని ఊరంతటికీ చెప్పేది. చెప్పగానే పెట్టేవారు.

ట్రైలరు అట్లా చెప్పదు. దాని కందెన మూసిన హబ్బు లోపల ఉంటుంది, కంటికి కనబడదు. మూలిగితే ఆ మూలుగు ట్రాక్టరు ఇంజను మోతలో కలిసిపోతుంది. అందుచేత ఇంజనుకు నూనె మార్చడం మరువని రైతు కూడా ట్రైలరు హబ్బు తెరచి చూడక ఏళ్ళు గడిపేస్తాడు.

హబ్బులో ఏమున్నది?

ఒక్కొక్క చక్రానికి రెండు బేరింగులు ఉంటవి. లోపలి వైపుది పెద్దది, బయటి వైపుది చిన్నది. మళ్ళీ ఒక్కొక్క బేరింగు రెండు భాగాలు. ఇరుసు మీద కూర్చునేది కోను; దానిచుట్టూ ఏటవాలుగా రోలర్లు, వాటిని ఎడంగా పట్టి ఉంచే రేకు పంజరం ఉంటవి. హబ్బు లోపల బిగిసి కూర్చునే ఉక్కు వలయం కప్పు. రోలర్లు ఈ రెంటి మధ్య దొర్లుతవి. లోపలి వైపు బేరింగుకు వెనుక ఆయిల్ సీలు. అది గ్రీజును బయటికి పోనివ్వదు, దుమ్మును, నీటిని లోపలికి రానివ్వదు. బయటి వైపు నాలుక గల వాషరు, గాళ్ళ నట్టు, దానికి స్ప్లిట్ పిన్ను, అన్నిటిపైన మూత.

రోలర్లు ఏటవాలుగా ఎందుకంటే, చక్రం మీదికి బరువు పైనుంచి మాత్రమే రాదు. మలుపు తిరిగినప్పుడు, గట్టు దిగినప్పుడు ప్రక్కనుంచి కూడా త్రోపు వస్తుంది. ఏటవాలు రోలరు ఆ రెంటినీ మోస్తుంది. ఇది మోటారు కోసం పుట్టిన సరుకు కాదు. 1794లో వేల్సు దేశంలో ఇనుప కార్ఖానా నడిపిన ఫిలిప్ వాన్ గుర్రపుబండి ఇరుసు కోసమే గోళీల బేరింగుకు పేటెంటు తీసుకున్నాడు. 1898లో అమెరికాలో బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ ఏటవాలు రోలర్ల బేరింగుకు పేటెంటు పొందాడు. అంటే ఈ బేరింగు మన ఎడ్లబండికి దాయాదియే.

మూడు పరీక్షలు

బేరింగు ఉన్నట్టుండి పోదు. చాలా ముందుగానే కబురు పెడుతుంది. వినడానికి మూడు పరీక్షలు చాలు.

మొదటిది వేడి. పది పదిహేను కిలోమీటర్లు తోలి ఆపిన తరువాత ప్రతి హబ్బు దగ్గరికి అరచేతి వెనుక భాగం తీసుకుపోయి చూడండి. ఒక్కసారిగా తాకవద్దు, కాలవచ్చు. అన్నీ ఒకే తీరు గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒక్కటి మాత్రం చేయి పెట్టనివ్వకపోతే దాని పని చూడవలసినదే.

రెండవది ఆట. ఖాళీ ట్రైలరును గట్టి చదును నేల మీద ట్రాక్టరుకు తగిలించే ఉంచి, బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకు ముందు వెనుక దుంగలు పెట్టి, ఆ చక్రాన్ని జాకీతో ఎత్తండి. ఎత్తగానే ఇరుసు క్రింద మోటు దుంగ గాని స్టాండు గాని పెట్టండి. జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. జాకీని నమ్మి ఎవ్వరూ క్రిందికి దూరరాదు. ఇప్పుడు టైరును పైనా క్రిందా పట్టుకుని ముందుకు వెనుకకు ఊపండి. టకటకమని కొట్టుకుంటే వదులు ఎక్కువైనదన్నమాట.

మూడవది రొద. ఒక చేయి ఇరుసు మీద ఆనించి, రెండవ చేత్తో చక్రం త్రిప్పండి. బాగున్న బేరింగు మెత్తగా తిరుగుతుంది. చెడినది తిరగలిలో రాయి పడినట్లు గరగరలాడుతుంది. ఆ అదురు చేతికే తెలుస్తుంది. చక్రం లోపలి వైపు గ్రీజు చారలు కనబడితే సీలు పోయినదని గుర్తు.

ఈ కబుర్లు వినకుండా తోలితే ఏమవుతుంది? పంజరం విరుగుతుంది, రోలర్లు నలుగుతవి, హబ్బు ప్రక్కకు ఒరుగుతుంది. ఆ వేడికి, ఆ ఒరుపుకు ఇరుసు కొనో నట్టో తెగి, చక్రం హబ్బుతో సహా ఊడిపోతుంది. అది రాత్రి వేళ పెద్ద రోడ్డు మీద జరిగితే, బస్తాల మీద కూర్చున్నవారి గతి ఏమి, వెనుక వచ్చే మోటారు సైకిలు గతి ఏమి? సరుకుల ట్రైలరు మీద మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పదు. చట్టం మాట అటుంచినా, మన కోత కోసినవారిని మన ట్రైలరే చంపడం ఎవరికి ఇష్టం? ఉత్తరం వ్రాసినవారు దయచేసి ఈ రోజు నుంచే కూలీలను వేరే బండిలో పంపవలసినది.

పాత బేరింగును చదవండి

ఇప్పుడు విప్పడం. చక్రం నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తరువాత ఎత్తి, చక్రం తీసివేయాలి. మూతను చుట్టూ తట్టి ఊడదీయాలి. స్ప్లిట్ పిన్ను తిన్నగా చేసి లాగి పారవేయాలి. దానిని మళ్ళీ వాడరాదు. నట్టు, వాషరు తీయగానే బయటి బేరింగు జారిపడుతుంది, అరచేయి అడ్డం పెట్టాలి. హబ్బును తిన్నగా లాగి, సీలు పెరికివేస్తే లోపలి బేరింగు వస్తుంది. అన్నిటినీ కిరసనాయిలుతో కడిగి గుడ్డ మీద పరచండి. గాలి పంపుతో బేరింగును గిరగిర త్రిప్పి ఆరబెట్టే అలవాటు కొందరికి ఉన్నది. అది ప్రమాదం, ఎండిన బేరింగు ఆ వేగానికి చెడిపోతుంది, ఒక్కొక్కసారి రోలర్లు ఎగిరిపడుతవి.

ఇక్కడే తొందరపడి పాత సరుకును కుప్పలో వేయవద్దు. అది ఎట్లా చచ్చినదో దాని ఒంటి మీదనే వ్రాసి ఉంటుంది.

రోలర్లు నీలంగానో పసుపుగానో రంగు తిరిగి ఉంటే, మాడిపోయినవన్నమాట. గ్రీజు లేకపోయి ఉండాలి, లేదా నట్టు మరీ బిగించి ఉండాలి. కప్పు మీద గోధుమరంగు మరకలు, తుప్పు గుంటలు రోలర్ల ఎడంలోనే వరుసగా ఉంటే నీరు చొచ్చినదని అర్థం. తడిసిన ట్రైలరు కదలకుండా నిలిచి ఉన్న రోజులలో ఇవి పుడతవి. నునుపు పోయి, బూడిదరంగుగా, సన్నగీతలతో అరిగి ఉంటే దుమ్ము దూరినది, సీలు దోషం. పెచ్చులు లేచి ఉంటే బరువు ఎక్కువ మోసినది, లేదా వయసు తీరినది. కప్పు ఒక వైపే అరిగి ఉంటే కప్పు వంకరగా కూర్చున్నది, లేదా ఇరుసే వంగినది.

గంగావతి పాఠకులు పాత బేరింగు అటక మీద ఉంటే తీసి చూసుకోవాలి. వారి ఉత్తరంలోనే ఒక ఆధారం ఉన్నది. మిల్లులో ధాన్యం దింపి వస్తూ ట్రైలరును కాలువలో దింపి కడుగుతామని వ్రాశారు. దూరం నడిచిన హబ్బు వేడిగా ఉంటుంది. లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. ఒక్కసారిగా చన్నీటిలో ముంచితే ఆ గాలి ముడుచుకుని, సీలు అంచు ప్రక్కనుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. సీలు పాతదైతే మరీ సులువు. ఆ తరువాత ట్రైలరు నెలల తరబడి చెట్టు క్రింద నిలిచి ఉంటే, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. కడగవలసినదే, కాని చల్లారిన తరువాత, బకెట్టుతో, హబ్బు మీద నీరు చిమ్మకుండా.

కొత్తది పెట్టే తీరు

మొదటి సంగతి: సగం మార్చవద్దు. కోను తీసి కొత్తది పెట్టి, హబ్బులోని పాత కప్పును అట్లాగే ఉంచడం పని తొందరలో చాలాచోట్ల జరుగుతుంది. కప్పు ఊడదీయడం కష్టం గనుక. కాని గుంటలు పడిన కప్పులో కొత్త రోలర్లు దొర్లితే ఆ గుంటలే వాటిని తినివేస్తవి. కోను, కప్పు జతగానే మార్చాలి. సీలు, స్ప్లిట్ పిన్ను తప్పకుండా కొత్తవి కావాలి. బేరింగు ఖరీదు ముందు సీలు ఖరీదు ఎంత? ఇంటి లెక్క చూసే ఇల్లాలిని అడిగితే ఈ పొదుపు ఎంత వెర్రిదో ఆమె వెంటనే చెబుతుంది.

అంగడికి పోయేటప్పుడు పాత బేరింగు చేతిలో ఉండాలి. దాని మీద నంబరు చెక్కి ఉంటుంది. మిల్లీమీటర్ల కొలత సరుకులో చివరి రెండు అంకెలను 5తో హెచ్చిస్తే లోపలి రంధ్రపు వ్యాసం వస్తుంది. 32211 అని ఉంటే 11ని 5తో హెచ్చించగా 55 మిల్లీమీటర్లు. ఇరుసును కొలిచి సరిచూసుకోవచ్చు. అంగుళాల కొలత సరుకైతే కోనుకొక నంబరు, కప్పుకొక నంబరు ఉంటవి. రెండూ వ్రాసుకుని పోవాలి. చెక్కడం మసకగా ఉన్నా, పెట్టె మీది నంబరుకు సరుకు మీది నంబరుకు పొంతన లేకపోయినా కొనవద్దు.

పాత కప్పును హబ్బు అవతలి వైపునుంచి మెత్తని ఇనుప కడ్డీ ఆనించి, ఒకసారి ఇటు ఒకసారి అటు తట్టుతూ దింపాలి. కళ్ళద్దాలు పెట్టుకోండి, గట్టి ఉక్కు మీద సుత్తి పడితే పెచ్చు ఎగిరి కంటిలో పడవచ్చు. గ్యాసు మంటతో హబ్బును కాల్చవద్దు. కొత్త కప్పును పెట్టి, దానిమీద పాత కప్పునే తిరగవేసి ఆనించి, చెక్క అడ్డం పెట్టి సమంగా తట్టుతూ దించాలి. అడుగుకు ఆనగానే సుత్తి చప్పుడు మారుతుంది. వెలుతురుకు పట్టి చూసి, క్రింద సందు లేదని నిర్ధారించుకోవాలి.

ఇరుసును కూడా చూడాలి. కోను ఇరుసు మీదనే తిరిగి దానిని అరగదీసి ఉంటే, కొందరు ఉలితో చుక్కలు పొడిచి బిగువు తెప్పిస్తారు. అది నాలుగు రోజుల ముచ్చట. అట్టి ఇరుసును లేతు పని తెలిసినవారికి చూపించాలి, లేదా మార్చాలి.

గ్రీజు పెట్టడం చేతిపని. అరచేతిలో గ్రీజు ముద్ద ఉంచుకుని, కోను వెడల్పు అంచును దానిమీద ఒత్తుతూ ఉంటే, సన్నని అంచు వైపు రోలర్ల సందులలోనుంచి గ్రీజు బయటికి రావాలి. చుట్టూ అట్లా వచ్చేదాకా చేయాలి. పైపైన పూసినది గ్రీజు పెట్టినట్టు కాదు. అట్లాగని హబ్బు నిండా కూరవద్దు. కొంత ఖాళీ ఉండాలి, లేకపోతే గ్రీజు తనలో తానే మథనపడి వేడెక్కి సీలును తోసివేస్తుంది. చక్రాల బేరింగులకని చెప్పి అమ్మే లిథియం గ్రీజు వాడండి. మామూలు చవక గ్రీజు వేడికి కరిగి కారిపోవచ్చు. పాత గ్రీజును పూర్తిగా కడిగివేయకుండా దానిపై వేరే రకం పెట్టవద్దు. కొన్ని రకాలు ఒకదానితో ఒకటి పొసగవు. సీలు పెదవి గ్రీజు వైపుకు తిరిగి ఉండాలి. ఆ పెదవికీ కొంచెం గ్రీజు రాయాలి.

బిగింపులో ఉన్నది రహస్యం

గట్టిగా బిగిస్తే గట్టిగా ఉంటుందని మనకు నమ్మకం. ఈ బేరింగు విషయంలో అది తలక్రిందులు. హబ్బును చేత్తో త్రిప్పుతూనే నట్టును పానాతో బిగించండి. తిరగడం బరువైనప్పుడు ఆపండి. అంతటితో రోలర్లు వాటి చోట కూర్చున్నవి. ఇప్పుడు నట్టును పావు చుట్టు వదలండి. తరువాత పానా ప్రక్కన పెట్టి, వ్రేళ్ళతో మాత్రమే బిగించండి. గాడి, రంధ్రం ఎదురుపడకపోతే వదులు వైపే జరపండి, బిగువు వైపు కాదు. కాగితం మందమంత ఆట మిగిలి ఉండాలి. వేడెక్కినప్పుడు ఇనుము సాగుతుంది. ఆ ఆట లేకపోతే రోలర్లు నలిగి మాడుతవి.

కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొసలు మడవండి. పిన్ను దొరకలేదని మేకునో తీగనో పెట్టరాదు. ఎడ్లబండికి కడసీల ఎంతో దీనికి ఈ పిన్ను అంత. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, మొదటి బరువు దింపిన తరువాత మళ్ళీ ఒకసారి బిగించి, ఆట కూడా సరిచూడండి.

బరువు లెక్క

ఇన్ని చేసినా, మోయలేని బరువు వేస్తే బేరింగు నిలువదు. రోలరు బేరింగు ఆయుర్దాయానికి ఇంజనీర్ల లెక్క ఒకటి ఉన్నది. బరువు రెట్టింపు చేస్తే ఆయుష్షు సగం కాదు, పదవ వంతు అవుతుంది. నూటికి ఇరవైఅయిదు వంతులు ఎక్కువ వేస్తే సగానికి పడిపోతుంది. 75 కిలోల బస్తాలు 100 మోయగల ట్రైలరు మీద 125 వేశారనుకోండి. 7,500 కిలోల చోట 9,375 కిలోలు. మిల్లుకు పోయే తడవలలో అయిదింట ఒకటి మిగిలినది. బేరింగు ఆయుష్షులో సగం పోయినది. షోలాపురం వైపు చెరకు తోలే మన పాఠకులకు కూడా ఇదే లెక్క.

కనుక గంగావతి పాఠకులు చేయవలసినది ఇది. ఎడమ చక్రమే కాదు, అన్ని హబ్బులూ తెరవాలి. ఒకే నీటిలో మునిగినవి, ఒకే బరువు మోసినవి గదా. పాత బేరింగు చెప్పే సాక్ష్యం చూసిన తరువాతనే అంగడివానినో మేస్త్రీనో నిందించాలి. కప్పుతో సహా మార్చారా, సీలు కొత్తదా అని మేస్త్రీని అడగడంలో తప్పు లేదు. మంచి పనివాడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

ఏడాదికొకసారి ఈ పని చేసుకోవడానికి దసరాకు ముందు వారం మంచి సమయం. ఖరీఫు కోతకు ముందుపడుతుంది. ఆయుధపూజనాడు ట్రాక్టరుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచుతాము. ఆ నిమ్మకాయ తొక్కే చక్రం లోపల కొత్త గ్రీజు కూడా ఉంటే పూజ సంపూర్ణమవుతుంది.

వచ్చే నెల ట్రైలరు కొక్కెం, దాని పిన్ను సంగతి. ప్రశ్నలు పంపేవారు ట్రైలరుకు చక్రాలు ఎన్నో, ఎంత బరువు మోస్తున్నదో, బేరింగు మీది నంబరు ఏమో కూడా వ్రాస్తే సమాధానం తేలికవుతుంది.